బోరింగు ఆనవాళ్లు: ఎనిమిదో తరగతిలో ఒక వివరణ పాఠం

"మా ఊరి బోరింగు చాలా అందమైనది. అది మనకు ఎంతో ఉపయోగపడుతుంది. దాని నీరు అమృతంలా తియ్యగా ఉంటుంది. ముత్యాల వంటి నీటి బిందువులు జలజలా రాలుతుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు. కావున మనమందరం బోరింగును కాపాడుకోవాలి."

ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన పేరా ఇది. ఒక్క అక్షరదోషం లేదు. ముత్యాల దగ్గర ఎర్రకలంతో గీత గీసి, పక్కన "బాగుంది" అని రాసి, అయిదుకు నాలుగు మార్కులు వేశాను. ఆ సాయంత్రం బస్సు కోసం బడి గోడ పక్కన నిలబడ్డాను. పిల్లలు రాసింది ఆ గోడ పక్కనున్న బోరింగు గురించే. బస్సు ఆలస్యమైంది కాబట్టి దాన్ని కాసేపు చూశాను. నీళ్లు వచ్చే మూతికి కాస్త పైన, ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు. దాని కింద వంకర అక్షరాలతో "తాగరాదు".

ఇంటికి వెళ్లి 31 పేపర్లూ మళ్లీ తీశాను. ఆ ఎర్ర గుర్తు సంగతి ఒక్కరూ రాయలేదు. నీళ్లు తియ్యగా ఉంటాయని మాత్రం పదకొండు మంది రాశారు. పిల్లలను తప్పు పట్టే ముందు ఇంకో మాట ఒప్పుకోవాలి. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం అక్కడే నిలబడుతున్న నాకూ ఆ రోజు దాకా అది కంటికి ఆనలేదు.

మా బడి ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను తెలుగు చెబుతాను. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం నేర్పాలని ఆగస్టులో మొదలుపెట్టిన పని నవంబరు దాకా సాగింది. అందులో కుదిరినవీ కుదరనివీ ఇక్కడ రాస్తున్నాను. సాటి తెలుగు ఉపాధ్యాయులు కొందరికైనా పనికివస్తుందని ఆశ.

వర్ణించమంటే ఏమి చేస్తారు?

బోర్డు మీద నేను రాసిన ప్రశ్న ఇది: "మీ ఊరి బోరింగును వర్ణించండి." తప్పు అక్కడే మొదలైంది. ప్రబంధమంటే పురం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం అంటూ పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన లక్షణకారులు లెక్కకట్టారు. ఆ సంప్రదాయంలో వర్ణన అంటే ఉన్నదాన్ని మించి చెప్పడం. మేడలు చంద్రుణ్ణి తాకాలి, అగడ్తలు పాతాళాన్ని అందుకోవాలి. పిల్లలు పద్యపాఠాల్లో చదివేదీ, మనం మెచ్చుకుంటూ చెప్పేదీ అదే. "వర్ణించండి" అనగానే వాళ్లు బోరింగు నీళ్లను ముత్యాలు చేశారంటే, అడిగిన పని అడిగినట్టు చేశారన్నమాట.

ఇక రెండోది మనందరికీ తెలిసిన ఆవు వ్యాసం. ఏ విషయమిచ్చినా తిప్పితిప్పి ఆవు దగ్గరికి తెచ్చి ఆవును చెట్టుకు కట్టేసే కుర్రాడి కథ చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ మా పిల్లల వ్యాసాలన్నీ ఆ అచ్చులో పోసినవే. మొదట "చాలా అందమైనది", నడుమ "ఎంతో ఉపయోగపడుతుంది", చివర "కావున మనమందరం". గైడులో అలాగే ఉంటుంది. బోరింగు తీసేసి అక్కడ చింతచెట్టునో గ్రంథాలయాన్నో పెట్టండి, ఒక్క వాక్యం కూడా మార్చనక్కర్లేదు.

మూడోది నా ఎర్రకలం. ముత్యాలకు "బాగుంది" అని రాసింది నేనే కదా.

మొదటి ప్రయత్నం, దాని ఫలితం

మరుసటి వారం కఠినంగా ఒక నియమం పెట్టాను. అందమైన, గొప్ప, ఎంతో, చాలా, వలె, లాంటి: ఇవేవీ రాయకూడదు. పోలికలు వద్దు. కొలతలు, అంకెలు ఉండాలి.

వచ్చిన రాతలు ఇలా ఉన్నాయి: "బోరింగు ఇనుముతో చేయబడింది. దానికి హ్యాండిల్ ఉంది. దానికి మూతి ఉంది. దాని కింద గచ్చు ఉంది. దాని ఎత్తు 6 అడుగులు. దాని బరువు 100 కిలోలు. దాని లోతు 500 అడుగులు." అన్నీ "ఉంది, ఉంది, ఉంది". చదువుతుంటే సామాన్ల జాబితా చదివినట్టుంది. అంతకన్నా పెద్ద చిక్కు అంకెలతో వచ్చింది. బరువు ఎలా తెలిసింది అని అడిగితే ఒకడు నిజాయితీగా చెప్పాడు: "మీరే అంకెలు రాయమన్నారు కదా టీచర్."

ముత్యాలను అబద్ధమని గుర్తుపట్టడం సులువు. "100 కిలోలు" అలా కాదు, అది నిజం వేషంలో ఉంటుంది. అతిశయోక్తిని మాన్పించబోయి కల్పించిన లెక్కలు రాయడం నేర్పాను. నా ఉద్యోగంలో ఇది మొదటిసారి కాకపోవచ్చు, కానీ ఇంత స్పష్టంగా పట్టుబడింది మాత్రం ఇదే మొదటిసారి.

బర్రె తప్పిపోయిన రోజు

దారి చూపింది ఒక బర్రె.

వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి ఉన్నాడు. బోరింగు మీద మూడు వాక్యాలు దాటి రాయలేదు. ఒక రోజు మధ్యాహ్న భోజనం వేళ గేటు బయట నిలబడి వచ్చేపోయే ఆటోలను ఆపుతున్నాడు. కోప్పడదామని వెళ్లాను. వాళ్ల బర్రె తప్పిపోయిందట. ఆటో డ్రైవరుకు వాడు చెబుతున్నది విని అక్కడే ఆగిపోయాను. వెంటనే స్టాఫు గదిలోకి వెళ్లి గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టాను:

"ముర్రా బర్రె. రెండు కొమ్ములూ చుట్ట తిరిగి ఉంటాయి, ఎడమ కొమ్ము కొస విరిగింది. తోక కుచ్చు తెలుపు. కుడి చెవికి పసుపు బిళ్ల ఉంది. మెడలో గంట లేదు, తెగిన పలుపు వేలాడుతుంటుంది. ఎడమ వెనక కాలు కాస్త ఈడుస్తుంది. నిన్న పొద్దుగూకేటప్పుడు చెరువు కట్ట మీద చూశారు."

ఇందులో ఒక్క మాట తీసేయడానికి లేదు. మొదట జాతి చెప్పాడు, అంటే ఊళ్లో ఉన్న సగం పశువులను ఒక్క దెబ్బతో పక్కన పెట్టేశాడు. తరువాత దూరం నుంచి కనబడేవి చెప్పాడు, ఆ తరువాత దగ్గరికి వస్తే కనబడేవి, చివరికి నడిస్తే తెలిసేవి. "గంట లేదు" అన్నాడు. లేనిదాన్ని చెప్పడం కూడా వివరమేనని నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. చెవి బిళ్ల మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది, అది చెప్పలేదు. ఆటోలో పోయేవాడికి అది కనబడదని వాడికి తెలుసు. బర్రె అందంగా ఉంటుందని గాని, అది మనకు ఎంతో ఉపయోగపడుతుందని గాని చెప్పలేదు. దాని పాలతోనే వాళ్ల ఇల్లు గడుస్తుంది, ఆ సంగతి వాడికి నాకన్నా బాగా తెలుసు.

(బర్రె మూడో రోజు దొరికింది. పక్క ఊరి పత్తి చేలో పడిందట. దానికి కట్టిన జరిమానా సంగతి వేరే కథ.)

వాడికి భాష రాదని అప్పటిదాకా నేననుకున్నాను. నిజానికి వాడికి రానిది నేను అడిగిన పని. బోరింగు వివరం ఎవరికి కావాలి? నాకా? నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వినేవాడికి అవసరం లేని వివరం చెప్పమంటే ఎవరైనా ముత్యాలే పేరుస్తారు.

పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితాలు) నింపే ప్రతి ఉపాధ్యాయుడికీ ఇది తెలిసిన సంగతే. ఒక్కో విద్యార్థికి రెండు గుర్తింపు చిహ్నాలు రాస్తాం: కుడి మోచేతి మీద పుట్టుమచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. చక్కని ముఖం, కోటేరు ముక్కు అని రాసినవాళ్లు ఎవరూ లేరు.

నాలుగు బోరింగులు

మరునాడు బోర్డు మీద "వర్ణించండి" చెరిపేసి "ఆనవాళ్లు చెప్పండి" అని రాశాను. మా ఊళ్లో చేతిపంపులు నాలుగున్నాయి: బడి గోడ పక్కన, పంచాయతీ ఆఫీసు వెనక, రావిచెట్టు కింద, చెరువు దారిలో. తరగతిని నాలుగు జట్లు చేశాను. ఒక్కో జట్టుకు ఒక బోరింగు. అది ఎక్కడుందో రాయకూడదు. పేపర్లు మార్చుకున్నాక అవతలి జట్టు ఊళ్లోకి వెళ్లి అది ఏ బోరింగో పట్టుకోవాలి.

మొదటి విడతలో ఒక్క జట్టే సరిగ్గా పట్టుకుంది. మిగతా మూడు జట్లూ కొట్లాడుకుంటూ వచ్చాయి. "ఇనుప హ్యాండిల్, సిమెంటు గచ్చు, మూడు కాళ్లు అని రాశారు టీచర్, నాలుగూ అట్లనే ఉన్నాయి!" నిజమే, నాలుగూ ఇండియా మార్క్-2 పంపులే. 1970లలో యూనిసెఫ్, భారత ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలిసి రూపం ఇచ్చిన పంపు అది. అంతకుముందు పల్లెల్లో వేసిన పోత ఇనుము పంపులు ఊరంతా కొట్టే కొట్టుడుకు తట్టుకోలేక త్వరగా పాడయ్యేవి. ఎక్కడ తయారైనా భాగాలు ఒకే కొలతలో ఉండాలన్నది ఈ పంపు వెనక ఉన్న ఆలోచన. ఆదిలాబాదులో చూసినా అనంతపురంలో చూసినా ఒకేలా ఉండేది అందుకే. ఆనవాళ్లు రాసేవాడికి అంతకన్నా కష్టమైన వస్తువు దొరకదు. కావాలని ఎంచుకోలేదు గాని, ఎంచుకున్నందుకు సంతోషించాను.

రెండోసారి వెళ్లినప్పుడు పిల్లలు పంపును చూడటం మానేసి తేడాలను చూశారు. పంచాయతీ వెనక పంపు హ్యాండిల్ కొసకు పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. రావిచెట్టు కింద పంపు గచ్చు తూర్పు వైపు పగిలి, పగులులో గడ్డి మొలిచింది. చెరువు దారి పంపుకు పై పెట్టె మూత లేదు, లోపలి గొలుసు కనబడుతుంది. బడి పక్కదానికి ఎర్ర గుర్తు. ఈసారి ఆ జట్టు రాసిన మొదటి వాక్యమే అది.

తేడాలు బాగా పట్టుకున్నారు గానీ ఇంకో సమస్య వచ్చింది. ఆ రాతలను పట్నంలో ఉండే మా అక్క కూతురికి ఫోనులో చదివి వినిపించాను. "గొలుసు ఎందుకు? హ్యాండిల్ ఎటు కొడతారు? నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగింది. చేతిపంపు ఎరగని పిల్లకు సైకిల్ ట్యూబు సంగతి ఏమి చేసుకోను? ఆమె ప్రశ్నలు తరగతిలో చెప్పాను. ఊరివాడికి తేడా చెప్పాలి, ఎరగనివాడికి తీరు చెప్పాలి. ఒకే వస్తువు మీద రెండు వేరు రాతలు. నేను ముందే ఆలోచించి పెట్టుకున్న మెట్టు కాదిది, ఆ ఫోను వల్ల వచ్చింది.

మూర ఎవరిది?

తీరు చెప్పాలంటే లోపల ఏముందో తెలియాలి. మండలంలో చేతిపంపులు బాగుచేసే మెకానిక్ ఒకాయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన పై పెట్టె మూత బోల్టు విప్పి లోపలి గొలుసు చూపించాడు. హ్యాండిల్ కిందికి నొక్కితే ఆ గొలుసు పైకి లాగుతుంది. గొలుసుకు రాడ్లు, రాడ్ల చివర సిలిండరు, సిలిండరులో వాషర్లు. హ్యాండిల్ ఎత్తినప్పుడు రాడ్ల బరువే వాటిని కిందికి దించుతుంది. "నీళ్లను మనం లాగం, ఒక్కో గుక్క పైకి ఎత్తుతాం" అన్నాడాయన. ఆ ఒక్క వాక్యం కోసం తొమ్మిది మంది పిల్లలు తమ పేరాను కొట్టేసి మళ్లీ రాసుకున్నారు. గుక్క పోలికే. కానీ అది లేకపోతే ఆ పని అర్థమయ్యేది కాదు. పోలికల మీద పెట్టిన నిషేధం నాకు అప్పటికే సిగ్గుగా అనిపించింది, ఆ రోజే ఎత్తేశాను. కొలత చెప్పే పోలిక, పని చెప్పే పోలిక రాయొచ్చు. మెచ్చుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని పోలిక వద్దు. పెసరగింజంత కన్నం అంటే అది కొలతే.

ఇక కొలతలు. మన భాషలో ఒంటి కొలతలు బోలెడు: బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, నిలువెత్తు. ఇవి పిల్లలకు అలవాటే, పూలు కొనేది మూరల్లోనే కదా. హ్యాండిల్ పెట్టె బయటి నుంచి కొస దాకా ఎంత? ఒకడు మూడు మూరలన్నాడు, ఇంకొకరు రెండున్నర అన్నారు. టేపుతో కొలిస్తే 45 అంగుళాలు వచ్చింది. మూర అంటే 18 అంగుళాలని లెక్క, ఆ ప్రకారం రెండున్నర సరి. మరి మూడు మూరలన్నవాడు అబద్ధమాడాడా? వాడి చెయ్యి చిన్నది, వాడి మూర 15 అంగుళాలే. దీని మీద పీరియడు మొత్తం గడిచిపోయింది, నాకేమీ బాధ లేదు. చివరికి రెండూ రాయాలని వాళ్లే తేల్చారు: కంటికి కట్టడానికి మూర, ఖాయం చేయడానికి అంగుళాలు.

15 లీటర్ల బకెట్ నింపడానికి ఎన్ని దెబ్బలు? ముగ్గురు కొట్టారు. 41, 46, 58. యాభై ఎనిమిది కొట్టిన పాప బక్కపలచనిది, హ్యాండిల్ పూర్తిగా కిందికి దిగేది కాదు. ఏది రాయాలి? సగటు తీద్దామన్నారు కొందరు. "సుమారు 50" అన్నారు ఇంకొందరు. వాళ్లు ఎంచుకున్న వాక్యం నాకిప్పటికీ ఇష్టం: "మేము ముగ్గురం కొట్టి చూశాం. 41 నుంచి 58 దెబ్బల్లో బకెట్ నిండింది. హ్యాండిల్ ఎంత కిందికి నొక్కితే అంత తక్కువ దెబ్బలు పడతాయి." లోతు సంగతి కొలిచే దారి లేదు. "500 అడుగులు" ఎక్కడా మళ్లీ కనబడలేదు.

"అట" చేసిన మేలు

బడి పక్క బోరు ఎప్పుడు వేశారని పిల్లలు ఇద్దరు పెద్దలను అడిగారు. ఒకాయన "ఇందిరమ్మ చనిపోయిన ఏడాది" అన్నాడు. ఇంకొకాయన "ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయిన ఏడాది" అన్నాడు. అంటే 1984, లేకపోతే 1983. పిల్లలు పెద్దాయనల్లో ఎవరికి పంచె తెల్లగా ఉందో చూసి ఒకరిని నమ్మబోయారు. ఆపి, తెలుగులో ఒక చిన్న అక్షరాన్ని గుర్తు చేశాను. "వేశారు" అంటే నాకు తెలుసు. "వేశారట" అంటే విన్నాను. ఆ "ట" ఉంటే చాలు, వాక్యం ఎవరి పూచీ మీద నిలబడిందో తెలిసిపోతుంది. ఇంటి దగ్గర పిల్లలు దీన్ని రోజుకు వందసార్లు వాడతారు. పరీక్ష పేపరు దగ్గరికి వచ్చేసరికి "గ్రాంథికంగా లేదు" అని మనమే కొట్టిస్తాం, పిల్లలు విన్నదంతా చూసినట్టు రాసేస్తారు.

బోర్డును మూడు గడులు చేశాను: చూసింది, విన్నది, అనుకున్నది. తమ పాత పేరాలోని వాక్యాలను ఒక్కొక్కటిగా ఆ గడుల్లో వేయమన్నాను. మొదటి పేరాలోని అయిదు వాక్యాల్లో "చూసింది" గడిలోకి ఒక్కటీ పోలేదు. ఆ పేరా రాసిన అమ్మాయే లేచి నిలబడి ఆ మాట చెప్పింది, నవ్వుతూనే.

తాత నడుము

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి.

నీళ్లు తియ్యగా ఉన్నాయా లేవా అన్నది పెద్ద చర్చ అయింది. రుచి చూద్దామంటే వీల్లేదన్నాను. ఫ్లోరైడు ఉన్న నీళ్లకు వేరే రంగు, వాసన, రుచి ఉండవు. కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మన దేశ ప్రమాణం. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తరువాత ఎముకలు బిగుసుకుంటాయి. ఈ రోగాన్ని మన దేశంలో మొదట 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. మా జిల్లాకు వచ్చేసరికి నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికే "నల్గొండ టెక్నిక్" అని పేరు పడింది. ఊరి పేరు ఇలా ప్రపంచానికి తెలియడం ఏ ఊరివాడూ కోరుకోడు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. బోరింగు నీళ్లు పశువులకు, గిన్నెలు తోమడానికే.

ఒక అమ్మాయి తన పేరాలో ఇలా రాసింది: "ఈ నీళ్లు తాగి మా తాత నడుము వంగిపోయింది." నేను "విషయానికి సంబంధం లేదు" అని రాసి కొట్టేశాను. నా లెక్క ప్రకారం అది వస్తువు వివరం కాదు, ఇంటి దుఃఖం. పేపరు తీసుకుని ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత మూడు గడుల పట్టిక వేసినప్పుడు లేచి, "టీచర్, మా తాత నడుము నేను చూసిందే కదా, ఏ గడిలో వేయాలి?" అని అడిగింది.

తరగతి చాలాసేపు మౌనంగా ఉంది. నడుము వంగడం చూసింది. తాత ఈ నీళ్లే తాగాడని విన్నది. వంగడానికి కారణం ఈ నీళ్లేనని డాక్టరు చెప్పారట, అదీ విన్నదే. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేయడం వల్ల అది వాదనలా కనబడింది. విడదీసి రాయమన్నాను. ఆమె విడదీసింది. పేరా ఇంకా బరువెక్కింది. కొట్టేసింది తప్పని తరగతి ముందే చెప్పాను.

ఆమె చివరి రాత ఇది. అక్షరదోషాలు రెండు సవరించాను, అంతే.

"ఇది చేతిపంపు. మేము బోరింగు అంటాం. భూమిలో గొట్టం దింపి, పైన మూడు ఇనుప కాళ్ల మీద ఒక పెట్టె నిలబెట్టారు. పెట్టెకు ఒక వైపు నీళ్ల మూతి ఉంది, ఎదురు వైపు హ్యాండిల్ ఉంది. హ్యాండిల్ 45 అంగుళాలు, నా చేతితో మూడు మూరలు. దాన్ని కిందికి నొక్కితే పెట్టెలో ఉన్న గొలుసు రాడ్లను పైకి లాగుతుంది, ఒక్కో నొక్కుకు ఒక్కో గుక్క నీళ్లు పైకి వస్తాయి. నొక్కినప్పుడు కిర్రుమంటుంది, ఎత్తినప్పుడు శబ్దం రాదు. మూతి కింద బకెట్ పెడితే పైన జానెడు ఖాళీ ఉంటుంది. బోరు 1983లోనో 1984లోనో వేశారట. మూతికి పైన ఎర్ర రంగు ఇంటూ గుర్తు ఉంది, 'తాగరాదు' అని రాసి ఉంది. గుర్తులో కింది సగం వెలిసిపోయింది. నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. మా తాత నలభై ఏళ్లు వచ్చేదాకా ఈ నీళ్లే తాగాడట. ఆయన నడుము వంగి ఉంటుంది, మెడ తిప్పలేడు. ఫ్లోరైడు వల్లనేనని డాక్టరు చెప్పారని మా నాన్న అన్నాడు."

అయిదుకు అయిదు వేశాను. ముత్యాల పేరా రాసి నాలుగు తెచ్చుకున్నదీ ఈ అమ్మాయే.

కుదరనివి

దీనికి మొత్తం తొమ్మిది పీరియడ్లు పట్టాయి, ఊళ్లో తిరిగిన రెండు సాయంత్రాలు కాక. రెండు పాఠాలు వెనకబడ్డాయి, డిసెంబరులో పరుగెత్తించి చెప్పాను, ఆ పాఠాలు పిల్లలకు ఎక్కలేదని తెలుసు. జట్లలో మాట్లాడేవాళ్లే మాట్లాడారు. నలుగురైదుగురు ఆఖరు దాకా పక్కవాళ్ల రాత చూసి రాశారు. జట్టును ముగ్గురికి మించకుండా చేసి ఉంటే బాగుండేది. పద్యాలు చక్కగా అల్లే ఒక అబ్బాయి ఈ మూడు నెలలూ ముడుచుకుపోయాడు. వాడి ఉపమలను నేను మొదట్లో నిర్దాక్షిణ్యంగా కొట్టేశాను. తరువాత ఎంత చెప్పినా వాడికి నా మీద నమ్మకం కలగలేదు.

పైగా పరీక్షలో ఇలాంటి రాత అడగరు. అడిగినా దిద్దేవారికి "కావున మనమందరం" లేని వ్యాసం అసంపూర్తిగా కనబడుతుందేమోనని ఒక తండ్రి నన్నే అడిగారు. సరైన జవాబు చెప్పలేకపోయాను. పరీక్షకు ఒకలా, మిగతా చోట్ల ఇంకోలా రాయమని చెప్పడం నాకిష్టం లేదు. ఇష్టం లేకపోయినా అదే చెప్పాను.

బర్రె అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. వాడి ఆఖరి రాత ఏడు వాక్యాలు. గొప్పగా ఏమీ లేదు. కానీ వాడి ఆనవాళ్లు చదివిన జట్టు పావుగంటలో బోరింగును పట్టుకుంది. ఆ పేపరును మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

సంక్రాంతి తరువాత

సెలవుల తరువాత బడి తెరిచిన రోజే ముగ్గురు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఎవరో ఊరి పంపులన్నింటికీ నీలం రంగు వేయించారు. ఎర్ర గుర్తు లేదు, "తాగరాదు" లేదు. బడి పక్క బోరింగు నిగనిగలాడుతోంది, ఈసారి నిజంగానే అందంగా ఉంది.

"మనం రాసింది ఇప్పుడు అబద్ధమైపోయిందా టీచర్?" అని అడిగారు.

గోడకు అంటించిన పేపర్లన్నీ తీయించి, ఒక్కోదాని పైన చూసిన తేదీ వేయించాను. మొదటి రోజే వేయించాల్సింది. తరువాత పంచాయతీకి ఇవ్వడానికి ఒక అర్జీ రాయమన్నాను. "మహారాజశ్రీ" తో మొదలుపెట్టబోయిన వాణ్ణి మిగతావాళ్లే ఆపారు. మూడు వాక్యాల్లో ముగించారు: "బడి గోడ పక్కనున్న బోరింగు మీద నవంబరు 20న ఎర్ర గుర్తు, 'తాగరాదు' అన్న మాట మేము చూశాం. ఈ రోజు అవి లేవు, పైన నీలం రంగు ఉంది. లోపలి నీళ్లు మారాయని మాకు ఎవరూ చెప్పలేదు."

కింద 31 సంతకాలు పెట్టి ఇచ్చి వచ్చారు. ఇది రాస్తున్న నాటికి పంపు నీలంగానే ఉంది. గోడ మీద సుద్దతో ఎవరో ఇంటూ గుర్తు గీశారు. వాన పడితే పోతుంది, మళ్లీ గీస్తున్నారు. ఎవరు గీస్తున్నారో నేను చూడలేదు.